కాశీనగర్ ఇంటికి పూర్తి చెక్క గేటు: పనస పలకలున్నాయి, వాలకుండా ఎలా చేయించాలి?

వంశధార_గట్టు (కాశీనగర్, గజపతి జిల్లా, ఒడిశా)

అందరికీ నమస్కారం. మా తాతగారి ఇంటి ముందు గేటు మార్చాలి. ఇప్పుడున్నది ఇనుప గేటు, అడుగు భాగమంతా తుప్పు పట్టి రాలిపోయింది. ఇంట్లో పనస పలకలు ఉన్నాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి పెరట్లో పెద్ద పనస చెట్లు పడిపోతే, నాన్నగారు వాటిని మిల్లులో కోయించి, పశువుల సాలలో పలకకీ పలకకీ మధ్య బద్దలు పెట్టి పేర్పించారు. కొన్ని అంగుళం మందం, కొన్ని రెండంగుళాలు. చెద పట్టలేదు.

స్తంభాల మధ్య సందు అడుగున తొమ్మిదడుగుల రెండంగుళాలు, పైన తొమ్మిదడుగుల నాలుగంగుళాలు. ఎత్తు ఐదడుగులు. రెండు రెక్కల గేటు అనుకుంటున్నాం. ఇక్కడ మేస్త్రీలని అడిగితే అందరిదీ ఒకటే మాట: "చెక్క గేటు ఏడాదిలో వాలిపోద్ది బాబూ, ఇనుప చట్రం చేయించుకుని పైన చెక్క బిగించుకో." నాకేమో పూర్తిగా చెక్కదే, కుసి-బెజ్జం అతుకులతో (ఒక చెక్క చివర నాలుకలా చెక్కి, ఇంకో చెక్క రంధ్రంలో దూర్చే అతుకులు) చేయించాలని ఉంది. నిజంగా వాలిపోతుందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

పర్లాకిమిడి_ఉలి

బాబూ, మా ఇంట్లో తాత కాలం నుంచీ వడ్రంగమే. మా ఊళ్ళో పాత ఇళ్ళకి వెళ్ళి చూడు, తలుపు రెక్కకి బందులే ఉండవు. రెక్క అంచున నిలువుగా ఉండే చెక్క కమ్మికే పైనా కిందా మొన చెక్కి, కింద మొన రాతి గుంటలో, పై మొన గుమ్మం పట్టెలో కూర్చోబెట్టేవారు. అంత బరువు తలుపులు ఇప్పటికీ ఒక్క చేత్తో తిరుగుతున్నాయి. కాబట్టి చెక్క వాలుతుందన్న మాట పట్టించుకోకు.

గేటు వాలడానికి నేను చూసినంతలో కారణం ఎక్కువగా ఒకటే. ఏటవాలు కర్రని తప్పు దిక్కున కొట్టడం. బందులున్న వైపు అడుగు మూలలో మొదలై, గడియ వైపు పై మూలకి ఎక్కాలి ఆ కర్ర. అప్పుడు గడియ వైపు బరువంతా ఆ కర్ర మీదుగా నెట్టుకుంటూ వచ్చి కింది బందు దగ్గర దిగుతుంది. చాలామంది అందానికని రెండు రెక్కలకీ తలకిందులుగా కొడతారు. అలా కొడితే కర్ర మోయదు, అతుకుని లాగుతుంది. లాగుడుకి మేకులు నిలవవు, వదులైపోతాయి. వీధిలో నడుస్తూ వాలిన గేట్లని చూడు, కర్ర ఎటు ఉందో నీకే తెలుస్తుంది.

గుణుపూర్_గడప

మేస్త్రీ గారూ, ఒక సందేహం. మా గేటుకి మీరు చెప్పినదానికి సరిగ్గా వ్యతిరేకంగా ఉంది. బందు వైపు పై మూల నుంచి గడియ వైపు కింది మూలకి ఒక ఇనుప కడ్డీ, మధ్యలో తిప్పి బిగించే మర. వాలలేదు మరి?

పర్లాకిమిడి_ఉలి

అదీ సరైనదే అమ్మా. కడ్డీ లాగుతుంది, కర్ర నెడుతుంది. కడ్డీని, తీగని ఎంత లాగినా సాగదు, కానీ నెడితే వంగిపోతుంది. కర్ర దాని తీరు వేరు, ఎంత నెట్టినా మోస్తుంది, లాగితే అతుకు దగ్గర ఊడుతుంది. అందుకే కడ్డీ ఆ మూల నుంచి, కర్ర ఈ మూల నుంచి. మీ గేటు చేసినవాడికి పని తెలుసు.

బరంపురం_మట్టం

నేను సివిల్ ఇంజనీరుని, బరంపురంలో ఇళ్ళ పనులు చేయిస్తుంటాను. మేస్త్రీ గారు చెప్పినదానికి నా వంతు లెక్క కలుపుతాను, ఎందుకంటే స్తంభాల సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఒక్కో రెక్క నాలుగున్నర అడుగుల వెడల్పు, ఐదడుగుల ఎత్తు అనుకుందాం. 4x2 అంగుళాల కమ్ములు, మూడు అడ్డకమ్ములు, ఒక ఏటవాలు కర్ర, పైన అంగుళం పలకలు. మొత్తం సుమారు మూడున్నర ఘనపు అడుగుల చెక్క. టేకు అయితే 65 కిలోల దగ్గర, సాల్ అనే గట్టి చెక్క అయితే 85 దాటుతుంది. పనస టేకుకి దగ్గరగానే ఉంటుంది. ఈ బరువు రెక్క మధ్యలో వేలాడుతున్నట్టు లెక్క. బందుల మధ్య దూరం నాలుగడుగులు ఉంటే పై బందు స్తంభం నుంచి దాదాపు 37 కిలోల బలంతో ఊడొచ్చేలా లాగుతుంటుంది. అదే దూరం మూడడుగులు పెడితే 49 కిలోలు. అందుకే బందులు ఎంత దూరంగా ఉంటే అంత మంచిది. పై బందు ఇటుకల్లో రెండంగుళాల మేకుతో కొట్టినది అయితే గేటు ఎంత గట్టిదైనా స్తంభమే వదిలేస్తుంది. బందుని తగిలించే ఇనుప కొక్కెం స్తంభంలో కనీసం తొమ్మిదంగుళాలు లోపలికి వెళ్ళి, చివర మడిచి, కాంక్రీటులో కూర్చోవాలి.

ఇంకొకటి. మీ సందు పైన రెండంగుళాలు ఎక్కువ ఉందంటే స్తంభాలు బయటికి ఒరిగాయి. గేటుని స్తంభానికి సరిపెట్టకండి, గుండు తాడుకి (గుండు కట్టి వేలాడదీసిన నిలువు తాడుకి) సరిపెట్టండి. స్తంభం వెంబడే తగిలిస్తే రెక్క తనంతట తనే ఒక పక్కకి కొట్టుకుపోతుంది.

వంశధార_గట్టు

అక్కా, చాలా థాంక్స్. స్తంభాలు ఒరిగిన సంగతి నేను అసలు గమనించలేదు. రేపే గుండు వేసి చూస్తాను. కొలతలు ఇంకా ఎలా తీసుకోవాలి? టేపుతో రెండుసార్లు కొలిచాను.

బరంపురం_మట్టం

వెడల్పు అడుగున, నడుమ, పైన కొలవండి. మూల నుంచి మూలకి రెండు వైపులా కొలవండి. రెండూ ఒకటి కాకపోతే సందు చదరంగా లేదని అర్థం. వాకిలి నేల ఎటు ఎక్కుతుందో చూడండి, గేటు లోపలికి తెరుచుకుని నేల కూడా లోపలికి ఎత్తుగా ఉంటే రెక్క సగంలోనే ఆగిపోతుంది. అక్కడ గేటు అడుగున రెండు మూడంగుళాల ఖాళీ సరిపోకపోవచ్చు. తెరిచినప్పుడు రెక్క చివర ఎక్కడికి వస్తుందో అక్కడ నేల ఎత్తు కొలిచి ఖాళీ నిర్ణయించండి.

పర్లాకిమిడి_ఉలి

టేపు కొలత చెప్పడానికి పనికొస్తుంది గానీ చెక్క మీద గీత గీయడానికి నేను నమ్మను. ఒక సన్నని సరుగుడు బద్ద తీసుకుని, సందులోనే నిలబెట్టి, స్తంభం అంచులు, బందుల చోట్లు, గడియ చోటు దాని మీదే పెన్సిలుతో గీసుకుంటాను. ఆ కర్ర పనిశాలకి వస్తుంది, అంకెలు రావు. ఆ కర్ర చూసే అన్ని కమ్ములూ గీస్తాను. ఒక్క అంకె అటూ ఇటూ రాయడం వల్ల పాడైన చెక్క ఎంతుంటుందో మా పనివాళ్ళకి తెలుసు.

ప్రాణహిత_టేకు (సిరొంచ, గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర)

అందరికీ నమస్తే. మాది సిరొంచ. ఈడ మా ఇంటి నుండి చూస్తే అవతల ఒడ్డున కాళేశ్వరం కనవడ్తది. మాకు చెక్క అంటే టేకే. 2023 మార్చిల అయోధ్య గుడికి మా చంద్రపూర్, గడ్చిరోలి టేకు బల్లార్‌పూర్ డిపో నుండే పోయింది. ఆ తలుపులు హైదరాబాద్ కంపెనోళ్ళు చేసిన్రు. అయినా నేను తమ్మునికి టేకు కొనుమని చెప్పను. ఇంట్ల ఎండిన పనస ఉండంగ పచ్చి టేకు కొనుడు తెలివి కాదు.

టేకు టేకే అనుకుని కొంటున్నరు జనం. చెట్టు నడుమ ఉండే ముదురు కర్రకే చెద పట్టదు. బయటి తెల్ల భాగం టేకుదైనా పుప్పి తింటది. తోటల పదిహేనేండ్లకే కొట్టిన టేకుల ఆ తెల్ల భాగం ఎంత ఉంటదో దుంగ చివర చూస్తే తెలుస్తది. పనసల గూడ అంతే. పచ్చగ, ముదురు పసుపుగ ఉన్నది ఉంచు, అంచున పాలిపోయిన తెల్లది కోసి పారేయి, ఎంత వెడల్పు తగ్గినా సరే.

ఎవరైనా దుంగ కొనేటోళ్ళు ఉంటే ఇది గుర్తు పెట్టుకోండి. మన దిక్కు పాత లెక్క, చుట్టుకొలతని నాలుగుతోటి భాగించి, దాన్ని దానితోనే గుణించి, పొడుగుతోటి గుణిస్తరు. నాలుగడుగుల చుట్టు, పదడుగుల పొడుగు దుంగ ఈ లెక్కల పది ఘనపు అడుగులు. అసలు గుండ్రం లెక్క కడితే పన్నెండున్నర పైనే ఉంటది. కొనేటోనికి ఆ తేడా మిగులుబాటు అనిపిస్తది. కానీ దుంగ కోసి పలకలు జేసినంక పొట్టు, చెక్కులు, తెల్ల భాగం పోతే ఆ పది గూడ రాదు. కోసిన కమ్మి లెక్క వేరే. వెడల్పు అంగుళాలు, మందం అంగుళాలు, పొడుగు అడుగులు గుణించి 144తోటి భాగించాలె. 5x3 అంగుళాల కమ్ములతోటి దర్వాజ చట్రానికి రెండు ఏడడుగుల కమ్ములు, రెండు మూడున్నర అడుగులవి, మొత్తం 21 అడుగులు, రెండు ఘనపు అడుగుల మీద కొంచెం. బేరం ఆడేముందు ఈ లెక్క ఎవరికి వాళ్ళు కట్టుకోవాలె.

రాయగడ_రైతు

సందట్లో నాదొక ప్రశ్న. మా చేను చుట్టూ కంచె వేయాలి. సరుగుడు గుంజలు పాతితే రెండు వానాకాలాలకే నేల మట్టంలో విరిగిపోతున్నాయి. చెక్క ఎందుకు అక్కడే కుళ్ళుతుంది? కింద బాగానే ఉంటుంది, పైనా బాగానే ఉంటుంది.

పర్లాకిమిడి_ఉలి

కుళ్ళడానికి తడీ కావాలి, గాలీ కావాలి. లోతులో గాలి ఉండదు, పైన తడి నిలవదు. నేల మట్టానికి రెండూ దొరుకుతాయి. అందుకే అక్కడే విరుగుతుంది. సరుగుడు నేలలో ఎక్కువకాలం నిలిచే కర్ర కాదు. నల్లమద్దో సాల్ ముదురు కర్రో దొరికితే పాతు, లేదా రాతి కూసాలు పాతి వాటికి కర్ర కట్టు.

కర్రే పాతాలంటే పలాస వెళ్ళు. జీడిపిక్క తొక్కల నుంచి తీసే నల్ల నూనె అక్కడ దొరుకుతుంది. కర్ర బాగా ఎండాక నేలలో ఉండే భాగం, పైన ఇంకో అడుగు, ఆ నూనె రెండు పూతలు వేసి ఎండబెట్టి పాతు. చేతులకి తొడుగు లేకుండా ముట్టుకోకు, బొబ్బలెక్కిస్తుంది. పిల్లలు తిరిగే గేట్లకి నేను వాడను, పొలం కంచెకి మాత్రం బాగుంటుంది.

రాయగడ_రైతు

మంచిది మేస్త్రీ గారూ. పలాస మాకు అంత దూరం కాదు. వెదురు తడికలతో దొడ్డి తలుపు కూడా చేద్దామనుకుంటున్నాను. వెదురుకి పురుగు రాకుండా?

ప్రాణహిత_టేకు

మూడేండ్లు దాటిన వెదురే కొట్టు. కొట్టినంక రెండు మూడు వారాలు పారే నీళ్ళల్ల, లేకపోతే చెరువుల ముంచి ఉంచు. వెదురుల ఉండే పిండి పదార్థం నీళ్ళల్లకి పోతది. పురుగు దానికోసమే వస్తది. ఆ తర్వాత నీడకు ఎండబెట్టు. గంతే.

గుణుపూర్_గడప

నాదీ ఒక్క మాట, ఇదే చర్చలో అడిగేస్తాను. ఏటా శ్రావణం వచ్చేసరికి మా పడకగది తలుపు గుమ్మానికి పట్టేస్తుంది. వడ్రంగిని పిలిస్తే అంచు చిత్రిక పట్టి వెళ్తాడు. మాఘానికి చూస్తే వేలు దూరేంత సందు.

బరంపురం_మట్టం

వానాకాలంలో చిత్రిక పట్టించకండి. ఎనిమిదంగుళాల పలక వెడల్పు వానాకాలానికీ వేసవికీ మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్లు మారుతుంది, మంచి టేకు కూడా. పొడుగు మాత్రం మారదని చెప్పొచ్చు. ఉబ్బినప్పుడు కోసేస్తే ఎండినప్పుడు సందు రాక తప్పదు.

ముందు బందుల స్క్రూలు వదులయ్యాయేమో చూడండి, చాలా తలుపులకి అసలు రోగం అదే. తర్వాత తలుపుని దించి అడుగు అంచు చూడండి. ముందూ వెనకా రంగు నిగనిగలాడుతుంది, అడుగున మాత్రం పచ్చి చెక్క. కనపడదు కదా అని వదిలేస్తారు. నిలువు కమ్మి చివర నుంచి నీరు ఎక్కినంతగా ముఖం మీద నుంచి ఎక్కదు. గది కడిగిన ప్రతిసారీ తాగుతుంది. ఫిబ్రవరి, మార్చిల్లో దించి, అడుగుకీ తలకీ రెండేసి పూతలు రంగు పట్టించండి. అప్పటికీ పట్టేస్తే కొద్దిగా చిత్రిక పట్టించండి.

వంశధార_గట్టు

ఈ మాట విన్నాక భయం వేస్తోంది. నా పనస పలకలు నిజంగా ఎండాయో లేదో ఎలా తెలుసుకోవాలి? చూడ్డానికి ఎండినట్టే ఉన్నాయి.

ప్రాణహిత_టేకు

అంగుళం మందానికి ఒక ఏడాది అని మా పెద్దోళ్ళ లెక్క. నీవి 2018 నుండి ఉన్నయి, భయమేం లేదు. అయినా రెండంగుళాల పలక చివర నుండి ఒక అడుగు లోపల చిన్న ముక్క కోయి. గ్రాముల త్రాసు మీద తూచు. తర్వాత ఓవెన్‌ల వంద డిగ్రీల మీద కొద్దిగ పెట్టి, బరువు తగ్గుడు ఆగేదాక ఎండబెట్టి మళ్ళ తూచు. తగ్గిన బరువుని ఎండిన బరువుతోటి భాగించి వందతోటి గుణించు. పన్నెండు, పద్నాలుగు వస్తే నిశ్చింత. ఇరవై వస్తే ఇంకా ఆగు. చివరి ముక్క కోయకు, అది ఎప్పుడూ లోపలికన్నా ఎండే ఉంటది, తప్పు లెక్క చూపిస్తది.

పర్లాకిమిడి_ఉలి

ఇక అతుకుల సంగతి రాస్తాను, ఇది ఫోన్లో చెప్పేది కాదు.

రెండంగుళాల పలక చిత్రిక పట్టాక పావు తక్కువ రెండు దాకా దిగిపోతుంది, ఒక్కోసారి ఒకటిన్నరా అవుతుంది. కుసి మందం అందులో మూడో వంతు ఉండాలి. అంతకన్నా లావు చేస్తే బెజ్జం గోడలు పలచనై చీలుతాయి, సన్నం చేస్తే కుసే విరుగుతుంది. కుసి కమ్మి అవతలికి పొడుచుకు రావాలి, లోపలే ఆగకూడదు. బయటి గేటుకి ఇది ముఖ్యం. నీరు లోపలికి పోయినా అవతల నుంచి బయటికి వస్తుంది.

పై అడ్డకమ్మి కుసిని పూర్తి వెడల్పు ఉంచకు. పైనుంచి ఒక అంగుళం తగ్గించు, లేకపోతే బెజ్జం నిలువు కమ్మి తల దగ్గర తెరుచుకుపోతుంది. అడుగు కమ్మి ఆరంగుళాల వెడల్పు పెడితే ఒకే పెద్ద కుసి వద్దు, మధ్యలో వదిలి రెండు కుసులు చెయ్యి. నిలువు కమ్ముల్ని రెండు చివర్లా రెండేసి అంగుళాలు పొడుగ్గా ఉంచి, అంతా బిగిశాక కోయించు. ఉలి దెబ్బకి చీలేది ఆ చివర్లే.

ఇప్పుడు చీల, అంటే అతుకుని బిగించే కర్ర మేకు. మా ఇంట్లో ఇది తరతరాలుగా చేసే పని. ముందు బెజ్జం కమ్మికి రంధ్రం వేస్తాం. కుసిని లోపలికి దూర్చి ఆ రంధ్రంలోంచి గుర్తు పెట్టి, బయటికి లాగి, గుర్తు దగ్గర కాకుండా కుసి మొదలు వైపుకి ఒకటిన్నర మిల్లీమీటరు జరిపి రంధ్రం వేస్తాం. ముదురు వెదురుతో చెక్కిన చీల, మొన కొద్దిగా సన్నం చేసి కొడితే ఆ రెండు రంధ్రాలు కలవాలని చూస్తాయి. కలిసే కొద్దీ కుసి లోపలికి లాక్కుంటుంది. అతుకు గీత కళ్ళముందే మూసుకుపోతుంది. జిగురు అక్కర్లేదు, క్లాంపు అక్కర్లేదు. ఎండకి చెక్క కుంచించుకున్నా ఆ లాగుడు పోదు. పనసకి, టేకుకి ఒకటిన్నర చాలు. సాల్ లాంటి గట్టి చెక్కకి ఇంకా తక్కువ జరపాలి, లేకపోతే చీల తెగుతుంది.

బరంపురం_మట్టం

మేస్త్రీ గారూ, ఇది చదివి చాలా సంతోషించాను. మా సైట్లలో ఈ పని తెలిసినవాళ్ళు దొరకడం కష్టమైపోయింది. నాదొక్క చేర్పు. బిగించే ముందు బెజ్జాల లోపల, కుసుల మీద ప్రైమర్ పూయించండి, బిగించాక అక్కడికి కుంచె వెళ్ళదు.

ఇనుప చట్రం సంగతి కూడా రాస్తాను. అది పనికిరాదని నేను అనను. పన్నెండడుగులు, పధ్నాలుగడుగుల సందుకి, కారు రోజూ తిరిగే చోట నేనే వేయిస్తాను. కానీ ఇనుముకీ చెక్కకీ మధ్య నీరు నిలిచి, ఇనుము లోపలి నుంచి తుప్పు పడుతుంది, టేకు, మద్ది లాంటి చెక్క తడి ఇనుము తగిలిన చోట నల్లబడుతుంది. మీ తొమ్మిదడుగుల సందుకి అది అవసరం లేదు.

వంశధార_గట్టు

మా నాన్నగారికి అంతా చదివి వినిపించాను. పూర్తి చెక్కతోనే చేయిద్దామన్నారు. ముందు పలకలకి పెద్ద కోత పనికి సరిహద్దు అవతల పాతపట్నం మిల్లుకి తీసుకెళ్దామనుకుంటున్నాం. ఇబ్బంది ఉందా? పై పలకల మధ్య ఎంత సందు వదలాలి? నూనె వేయాలా రంగు వేయాలా?

ప్రాణహిత_టేకు

చెక్క రాష్ట్రం దాటితే కాగితం అడుగుతరు తమ్మీ. ఒడిశాల 1980 నుండే కలప రవాణా నియమాలు ఉన్నయి. 2023 డిసెంబరుల కేంద్రం దేశమంతటికి ఒకటే ఆన్‌లైన్ పాసు పద్ధతి గూడ పెట్టింది. నీ చెట్లు ఇంటివే అయినా బండి ఎక్కించేముందు మీ అటవీ రేంజి ఆఫీసుల అడుగు. లేకపోతే మిల్లునే ఇంటికి పిలువు, చిన్న బ్యాండు రంపం బండి మీద తెచ్చేటోళ్ళు ఉంటరు.

పర్లాకిమిడి_ఉలి

వేసవిలో చేయిస్తే పలకల మధ్య రెండు మూడు మిల్లీమీటర్లు వదులు. వాన పడగానే ఉబ్బుతాయి. సందు లేకుండా బిగిస్తే ఒకదాన్నొకటి నెట్టుకుని నిలువు కమ్మినే అతుకులోంచి బయటికి తోస్తాయి. వానాకాలంలో చేయిస్తే దగ్గరగా బిగించు. అడుగు కమ్మి పై అంచుని ఏటవాలుగా చిత్రిక పట్టించు, నీరు నిలవకుండా జారిపోవాలి. నిలువు కమ్ముల తలలకి కూడా అంతే, చదునుగా ఉంచకు.

పనసకి నేనైతే నూనే అంటాను. అవిసె నూనె, టర్పెంటైను సగం సగం మొదటి పూత, తర్వాత ఒట్టి నూనె పలచగా రెండు పూతలు. ఎండకి పసుపు పోయి ముదురు గోధుమ రంగుకి తిరుగుతుంది, చాలా అందంగా ఉంటుంది. ప్రతి ఏడూ వానలకి ముందు ఒక పూత వేసుకోవాలి. ఓపిక లేకపోతే రంగు వేసుకో, కానీ పొర లేచినప్పుడు అంతా గీకాలి. నూనె గుడ్డలు మాత్రం ఉండలా చుట్టి పనిశాలలో పడేయకు, వాటంతట అవే అంటుకుంటాయి. విప్పి ఆరుబయట ఆరబెట్టు.

పని మొదలుపెట్టేది ఎప్పుడో చెప్పు. సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజ, ఆ రోజు మేం పనిముట్లు ముట్టం. దానికి ముందు వద్దు, వానలు తగ్గాక కార్తీకంలో వస్తాను.

వంశధార_గట్టు

కార్తీకమే మంచిది మేస్త్రీ గారూ. అప్పటికి స్తంభాల పని ముగిస్తాను. అక్కా, స్తంభాలు పడగొట్టాలా? గుండు వేసి చూస్తే ఒక్కోటీ ఒక అంగుళం ఒరిగింది.

బరంపురం_మట్టం

పునాది పగలకపోతే పడగొట్టక్కర్లేదు. కొక్కేలని స్తంభం ముఖానికి సమానంగా పాతకండి. ఒరిగిన వైపు పై కొక్కెం ఒక అంగుళం ఎక్కువ బయటికి వచ్చేలా, రెండు కొక్కేల మొనలూ ఒకే గుండు తాడు మీదికి వచ్చేలా పాతించండి. కాంక్రీటు వేసేటప్పుడే తాడు కట్టి ఉంచాలి, తర్వాత సరిచేయలేరు. కింది కొక్కెం మొన పైకి, పై కొక్కెం మొన కిందికి తిప్పి పెట్టించండి, రెక్కని ఎవరూ ఎత్తుకుపోలేరు. వారం పది రోజులు తడిపి ఆరాకే గేటు తగిలించండి. నేలలో దించే గడియకి గుంట మాత్రం వెంటనే కొట్టించకండి. రెక్కలు వారం రోజులు తిరిగి, బరువుకి సర్దుకున్నాక, మొన ఎక్కడ పడుతుందో సుద్దతో గుర్తు పెట్టి అక్కడ కొట్టించండి.